దీపం పట్టిన చేయే లెక్కలూ రాసింది
గోదావరిని చూడకుండానే డెల్టా పక్షాన నిలిచిన ఫ్లోరెన్స్ నైటింగేల్

ఐ.పోలవరం, మే 12: మే నెల నడుమ నాలుగు రోజుల వ్యవధిలో కోనసీమకు రెండు జయంతులు వస్తాయి. 15వ తేదీన సర్ ఆర్థర్ కాటన్ జయంతి. ఆ రోజు కాలువ గట్ల వెంట, ఊళ్ల కూడళ్లలో ఆయన విగ్రహాలకు పూలమాలలు పడతాయి. దానికి మూడు రోజుల ముందు, 12వ తేదీన అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఆసుపత్రులలో, నర్సింగ్ కళాశాలల్లో కొవ్వొత్తులు వెలిగించి ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను స్మరిస్తారు. ఈ రెండు వేడుకలకూ సంబంధం ఉందన్న సంగతి మాత్రం డెల్టాలో చాలామందికి తెలియదు. కాటన్ గోదావరిపై చేసిన పనిని లండన్‌లో పాలకులు తేలికగా తీసిపారేస్తున్న కాలంలో ఆయన పక్షాన కలం పట్టినవారిలో నైటింగేల్ ఒకరు. ఆమె ఈ నేలపై ఏనాడూ అడుగు పెట్టలేదు. అయినా ఇక్కడి ఆకలిని, జ్వరాన్ని, నీటిని లెక్క గట్టి చూశారు. చీకటి వార్డులో దీపం పట్టుకుని తిరిగిన దయామయిగా లోకం ఆమెను గుర్తు పెట్టుకుంది. రోగి పడే బాధను పరిశోధనాంశంగా మార్చిన విదుషిగా ఆమెను తలచుకోవడం అరుదు.

సంపన్న గృహంలో పుట్టి

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు విలియం ఎడ్వర్డ్, ఫ్రాన్సెస్‌లు ఇంగ్లండులో సంపన్న కుటుంబీకులు. పుట్టిన ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తండ్రి స్వయంగా గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రం నేర్పించారు. ఆమె మనసు మాత్రం గణితం వైపు లాగింది. వయసు వచ్చాక రోగుల సేవకు వెళతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ వ్యతిరేకించారు. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆసుపత్రులలో రోగులను చూసుకునే ఆడవారికి శిక్షణ లేదు, గౌరవమూ లేదు. మద్యం అలవాటు ఉన్నవారనీ, వేరే పని దొరకనివారనీ వారికి పేరుండేది. మంచి కుటుంబంలోని ఆడపిల్ల ఆ గడప తొక్కడం తలవంపుగా భావించేవారు.

ఏళ్ల తరబడి ఇంట్లో ఘర్షణ సాగింది. వచ్చిన పెళ్లి సంబంధాలను ఆమె కాదన్నారు. ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకుని రాత్రివేళ చదివి రాసుకునేవారు. 1851లో జర్మనీలోని కైసర్‌వర్త్ సేవాసంస్థలో సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్ హార్లీ వీధిలో జబ్బుపడిన మహిళల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు.

స్కుటారిలో నేర్చిన పాఠం

మరుసటి ఏడాది క్రిమియా యుద్ధం ముదిరింది. గాయపడిన బ్రిటిష్ సైనికులు దిక్కులేకుండా చనిపోతున్నారని పత్రికలు రాయడంతో ప్రభుత్వంపై నిరసన వెల్లువెత్తింది. యుద్ధ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై నైటింగేల్ 38 మంది నర్సులతో బయలుదేరి 1854 నవంబరులో టర్కీలోని స్కుటారి చేరారు. అక్కడి బారక్ ఆసుపత్రిలో పడకలు చాలవు. మార్చుకోవడానికి బట్టలు లేవు. నేల కింద మురుగు తూములు పూడిపోయి ఉన్నాయి. ఆమె వంటశాల ఏర్పాటు చేశారు, బట్టలు ఉతికించారు, సైనికుల తరఫున ఇళ్లకు ఉత్తరాలు రాశారు. రాత్రివేళ దీపం పట్టుకుని వార్డులలో తిరిగారు. దీపధారిణి అన్న పేరు అక్కడే వచ్చింది.

అయితే ఆ తొలి శీతాకాలంలో మరణాలు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి సుమారు 42 మంది రోగులు ప్రాణాలు విడిచారు. మార్చిలో డాక్టర్ జాన్ సదర్లాండ్ సభ్యుడుగా ఉన్న పారిశుద్ధ్య సంఘం వచ్చి తూములు శుభ్రం చేయించింది, గోడలకు సున్నం వేయించింది, గాలి ఆడే ఏర్పాట్లు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు రెండుకు దిగివచ్చాయి. ఇంగ్లండుకు తిరిగి వచ్చిన తరువాత గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి ఆమె ఈ అంకెలను పరిశీలించారు. సైనికులను శత్రువు తుపాకీ కంటే ఆసుపత్రిలోని మురుగే ఎక్కువగా చంపిందని తేలింది. ఎంత ఆప్యాయంగా సేవ చేసినా తూము పూడి ఉంటే రోగి బతకడన్న సత్యం ఆమెకు అప్పుడు పూర్తిగా బోధపడింది. జనం పూజిస్తున్న తన సేవకే ఆ అంకెలు పరిమితిని చూపించాయి. వాటిని ఆమె దాచలేదు. అధికారులకు సులభంగా అర్థమయ్యేలా నెలవారీ మరణాలను రంగుల వృత్త చిత్రంగా గీయించి 1858లో ప్రచురించారు. అదే ఏడాది లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే.

మంచం మీది మనిషి పక్షాన

యుద్ధభూమిలో సోకిన జ్వరం ఆమెను జీవితాంతం వదల్లేదు. 1857 తరువాత చాలా ఏళ్లు మంచం పట్టే ఉన్నారు. రోగి అనుభవం ఎటువంటిదో ఆమెకు ఇరువైపుల నుంచీ తెలిసింది. 1859 చివర వెలువడిన నర్సింగ్ పుస్తకంలో ఆ ఎరుక కనిపిస్తుంది. మందుల జాబితా కోసం వెదికేవారికి ఆ పుస్తకం నిరాశ కలిగిస్తుంది. గది తలుపు బయట గుసగుసలాడితే లోపలి రోగికి కలిగే భయం, నిద్రలో ఉన్నవాడిని హఠాత్తుగా లేపడం వల్ల జరిగే హాని, ఒకే గోడను రోజుల తరబడి చూస్తూ పడుకోవడంలోని నరకం, పరామర్శకు వచ్చినవారు ఇచ్చే ఉత్త ధైర్యాలు, ఉచిత సలహాలు రోగిని ఎంత అలసటకు గురి చేస్తాయో ఆమె వివరంగా రాశారు. పళ్లెంలో మిగిలిన అన్నాన్ని చూసి కారణం కనుక్కోవాలని నేర్పారు. రోగిని బాగున్నారా అని అడిగి వెళ్లిపోవడం పరిశీలన కాదన్నది ఆమె బోధ. ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఎప్పుడు మెలకువ వచ్చింది, ఎంత తిన్నారు అని విడివిడిగా అడిగితేనే నిజం బయటపడుతుందన్నారు. రోగి అనుభవాన్ని విని, నమోదు చేసి, దానిని బట్టి సేవను మార్చుకోవాలని నేటి నర్సింగ్ పరిశోధన చెబుతున్న మాటకు మూలం ఇక్కడ ఉంది.

క్రిమియా సేవకు కృతజ్ఞతగా ప్రజలు పోగుచేసిన నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ పాఠశాల ప్రారంభమైంది. అక్కడ తయారైన నర్సులు ఆస్ట్రేలియా మొదలుకొని ఎన్నో దేశాలలో ఆసుపత్రుల బాధ్యతలు స్వీకరించారు.

మూతపడిన కాన్పుల వార్డు

ఆమె జీవితంలో అంతగా ప్రచారంలోకి రాని అధ్యాయం కాన్పులకు సంబంధించినది. పల్లెలలో పేద తల్లులకు పురుడు పోసేవారికి శాస్త్రీయ శిక్షణ ఇవ్వాలన్న సంకల్పంతో 1861లో లండన్ కింగ్స్ కళాశాల ఆసుపత్రిలో చిన్న ప్రసూతి వార్డు తెరిపించారు. ఊళ్ల నుంచి స్త్రీలను ఎంపిక చేసి, నేర్పించి, తిరిగి ఆ ఊళ్లకే మంత్రసానులుగా పంపాలన్నది ఆలోచన. వార్డు నిర్వహణ చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. కానీ లోపల బాలింతలు ఒకరి వెంట ఒకరు జ్వరంతో మరణించసాగారు. మొత్తం 780 కాన్పులలో 27 మంది తల్లులు చనిపోయారు. 1867లో వార్డును మూసివేశారు.

మంచి పేరున్న మనిషి తలపెట్టిన మంచి పని విఫలమైతే కారణాలు పైవాడి మీదకు నెట్టి ఊరుకోవడం లోకంలో ఉన్నదే. నైటింగేల్ అలా చేయలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తేల్చడానికి డాక్టర్ సదర్లాండ్ సాయంతో ఇంగ్లండులోను, ఐరోపాలోని ఇతర దేశాలలోను ప్రసూతి మరణాల లెక్కలు సేకరించారు. మొదట ఎదురైన చిక్కు లెక్కలు సరిగా లేకపోవడమే. ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క తీరున రాసుకుంది. కొన్నిచోట్ల బాలింత జ్వరం అని రాయకుండా మరో జబ్బు పేరు పెట్టారు. వాటిని సరిపోల్చేందుకు ఆమెకు సుమారు నాలుగేళ్లు పట్టింది. 1871లో ప్రసూతి ఆలయాలపై ఆమె గ్రంథం వెలువడింది.

అందులో తేలిన విషయం ఆమెకే ఇబ్బంది కలిగించేది. ఇంగ్లండులో ఇళ్ల వద్ద, పేదల గుడిసెలతో సహా, జరిగిన కాన్పులలో తల్లుల మరణాలు వెయ్యికి సుమారు 5. ఆమె సొంత నిధితో నడిచిన వార్డులో వెయ్యికి 30కి పైగా. పెద్ద ఆసుపత్రి, పేరున్న వైద్యులు, శుభ్రమైన పక్కలు ఉన్నచోట తల్లి ప్రాణానికి ముప్పు హెచ్చింది. శవాలను కోసే గది నుంచి నేరుగా ప్రసూతి గదికి వచ్చే విద్యార్థులు, ఒకే గదిలో కిక్కిరిసిన బాలింతలు, సాధారణ రోగులతో కలిసిపోయే రాకపోకలు ఇందుకు కారణాలని ఆమె నిర్ధారించారు. ప్రసూతి గదులు సాధారణ ఆసుపత్రికి దూరంగా ఉండాలనీ, కొద్ది మందినే ఉంచాలనీ, పురుడు పోసేవారు ఇతర రోగులను ముట్టరాదనీ, ప్రతి మరణాన్నీ దాపరికం లేకుండా నమోదు చేయాలనీ ప్రతిపాదించారు. గర్భిణి రోగి కాదు, ప్రసవం జబ్బు కాదు కనుక అక్కడ ఒక్క మరణం జరిగినా విచారణ జరగాలన్నది ఆ గ్రంథం సారాంశం. చదువుకున్న స్త్రీలు ప్రసూతి విద్యను పూర్తిస్థాయి వృత్తిగా స్వీకరించాలని కూడా అందులో కోరారు. ఆ గ్రంథాన్ని గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు తల్లికి అంకితమిచ్చారు. ఆ తల్లి మంత్రసాని.

చూడని దేశం కోసం

భారతదేశంతో ఆమె అనుబంధం 1859లో మొదలైంది. ఇక్కడి బ్రిటిష్ సైన్యం ఆరోగ్య స్థితిపై ఆ ఏడాది రాజ సంఘం ఏర్పడింది. మంచం మీది నుంచే ఆమె ప్రశ్నావళి తయారు చేసి సైనిక స్థావరాలన్నింటికీ పంపే ఏర్పాటు చేశారు. తాగునీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, గదికి ఎందరు నిద్రిస్తారు వంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులు కట్టలు కట్టలుగా ఆమె ఇంటికి చేరాయి. 1863లో వెలువడిన నివేదికలో ఆమె పరిశీలనలు ముఖ్యభాగం. ఇక్కడి సైనికుల మరణాలు అప్పట్లో ఏటా వెయ్యికి 69. 1864లో బెంగాల్, మద్రాసు, బొంబాయి రాజధానులలో పారిశుద్ధ్య సంఘాలు ఏర్పడ్డాయి. పదేళ్లకు ఆ అంకె 18కి తగ్గినట్టు ఆమె 1873లో వివరించారు.

సైనిక స్థావరం చుట్టూ ఉన్న పల్లె ఆరోగ్యంగా లేకపోతే స్థావరమూ ఆరోగ్యంగా ఉండదని ఆ క్రమంలోనే ఆమె గ్రహించారు. అక్కడి నుంచి ఆమె చూపు సిపాయి మీది నుంచి రైతు మీదకు మళ్లింది. రైతు ఆరోగ్యం గురించి ఆలోచిస్తే ఆకలి ఎదురైంది. ఆకలి గురించి ఆలోచిస్తే నీరు ఎదురైంది. నీటి గురించి అడిగితే ఆర్థర్ కాటన్ పేరు వినిపించింది.

గోదావరి సాక్ష్యం

ఆనకట్టకు ముందు గోదావరి మండలం స్థితి దయనీయం. 1832-33లో నందన నామ సంవత్సర కరువు ఊళ్లను ఖాళీ చేసింది. 1839 నవంబరులో తుపాను ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. నది పక్కనే పారుతున్నా చేనుకు నీరు లేదు. కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం అక్విడక్టు వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని కోనసీమ లంకలకు చేర్చింది. ఒక తరం తిరిగేసరికి డెల్టా ధాన్యాగారమైంది.

1876-78లో దక్షిణ భారతాన్ని మహా కరువు కబళించింది. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది ఆకలికి బలయ్యారు. కాలువలున్న గోదావరి, కృష్ణా డెల్టాలు నిలదొక్కుకోవడమే కాక ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపాయి. నైటింగేల్ ఈ తేడాను పట్టుకున్నారు. కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించారు. 1874లో ప్రచురించిన రచనకు నీటిపారుదలపై ప్రత్యేక అనుబంధం చేర్చారు. 1878లో లండన్ మాసపత్రికలో భారత ప్రజల స్థితిపై పెద్ద వ్యాసం రాసి కరువు, అప్పు, భూమి శిస్తుల మధ్య నలుగుతున్న రైతు బతుకును ఇంగ్లండు ప్రజల ముందుంచారు. రైళ్లకు వెచ్చించినట్టు కాలువలకు ఎందుకు వెచ్చించరని పాలకులను నిలదీశారు. కాలువతో పాటు మురుగు పోయే దారి కూడా ఉండాలనీ, లేకుంటే నీటి వెనుకే జ్వరం వస్తుందనీ హెచ్చరించారు. మురుగు కాలువలు పూడితే ఏమవుతుందో కోనసీమ రైతుకు వేరే చెప్పనక్కర లేదు.

ఆ పోరాటంలో ఆమె, కాటన్ ఇద్దరూ ఓడిపోయారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం కాటన్ వాదాన్ని అంగీకరించలేదు. ఆమె మాత్రం వదల్లేదు. గవర్నర్లకు, వైస్రాయిలకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యం అందించేందుకు 1885లో లేడీ డఫరిన్ నిధి ఏర్పడినప్పుడు సలహాలు అందించారు. 1894లో భారత గ్రామాల పారిశుద్ధ్యంపై రచన చేసేనాటికి ఆమెకు 74 ఏళ్లు.

లోపాలూ ఉన్నాయి

ఆమె చెప్పినదంతా నిలవలేదు. సూక్ష్మక్రిముల వల్ల జబ్బులు వస్తాయన్న సిద్ధాంతాన్ని అంగీకరించడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలన్న ఉద్యమాన్ని వ్యతిరేకించారు. సేవాగుణాన్ని పరీక్ష పెట్టి కొలవలేరన్నది ఆమె వాదన. ఆ విషయంలో చరిత్ర ఆమెకు ఎదురు తిరిగింది. నేడు రిజిస్ట్రేషన్ లేనిదే ఏ నర్సూ విధుల్లో చేరలేరు. తప్పును అంకెలలో చూసి ఒప్పుకోవాలన్న ఆమె పద్ధతి మాత్రం నిలిచింది.

చివరి ఏళ్లలో చూపు పోయింది, జ్ఞాపకం సన్నగిల్లింది. 1907లో బ్రిటన్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ప్రదానం చేశారు. ఆ బిరుదు అందుకున్న తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న తన 90వ ఏట కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామన్న ప్రతిపాదనను ఆమె అభీష్టం మేరకు కుటుంబం కాదంది. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ప్రాంగణంలో ఖననం చేశారు. సమాధి రాతిపై ఆమె వివరాలుగా పేరులోని రెండు పొడి అక్షరాలు, జనన మరణ సంవత్సరాలే ఉంటాయి.

లంకలకు చేరిన సేవ

గౌతమి, వృద్ధ గౌతమి పాయల నడుమ ఉన్న ఐ.పోలవరం దీవిలో రేవు దాటడమే ఒకప్పుడు పెద్ద గండం. నొప్పులు మొదలైన గర్భిణిని కాకినాడ తరలించాలంటే ఎదుర్లంక రేవులో పడవ కోసం, పంటు కోసం ఎదురుచూడాలి. అంతవరకు ఊరి మంత్రసానే దిక్కు. 2002లో యానాం - ఎదుర్లంక వారధి వచ్చింది. 2005లో రాష్ట్రంలో 108 వాహనాలు ప్రారంభమయ్యాయి. ఏఎన్ఎంలు, ఆశ కార్యకర్తలు గర్భిణుల వివరాలను ఇంటింటికీ తిరిగి నమోదు చేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. 2018-20 లెక్కల ప్రకారం రాష్ట్రంలో లక్ష జననాలకు తల్లుల మరణాలు 45. దేశ సగటు అప్పుడు 97. నైటింగేల్ కాలంలో కాన్పుకు ఇల్లే క్షేమం. చేతుల శుభ్రత, క్రిములను చంపే మందులు, రక్తం ఎక్కించే సదుపాయం వచ్చాక ఆసుపత్రి క్షేమమైంది.

అదే సర్వేలో మరో అంకె కూడా ఉంది. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్స ద్వారానే జరిగాయి. ప్రాణం దక్కిందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ గదిలో తల్లికి ఏం జరిగింది, ఆమెను ఎవరైనా అడిగారా, భయపడినప్పుడు చేయి పట్టుకున్నవారు ఉన్నారా అన్న ప్రశ్నలు మిగిలాయి. 2017లో కేంద్రం ప్రారంభించిన లక్ష్య కార్యక్రమం ప్రసూతి గదిలో గర్భిణికి గౌరవం, తోడు ఉండాలని నిర్దేశించింది. నర్సింగ్‌లో స్నాతకోత్తర విద్యార్థులు రోగుల వద్దకు వెళ్లి అడిగి తెలుసుకుని పరిశోధన పత్రాలు సమర్పిస్తున్నారు. నైటింగేల్ జన్మించి 200 ఏళ్లయిన 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులు, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. కొవిడ్ వార్డులలో నర్సుల విలువ ప్రపంచానికి తెలిసివచ్చిందీ ఆ ఏడాదే.

లంక గ్రామంలో ఎండన పడి నడుస్తూ రిజిస్టరులో బాలింత జ్వరం వివరం రాసుకునే ఏఎన్ఎం చేతిలోనూ, పళ్లెంలో మిగిలిన మెతుకులు చూసి కారణం అడిగే వార్డు నర్సు చూపులోనూ నైటింగేల్ పని కొనసాగుతోంది. మూడు రోజుల తరువాత డెల్టా ప్రజలు కాటన్ విగ్రహానికి మాల వేస్తారు. ఆయన తెచ్చిన నీటి విలువను దూరదేశంలో మంచం పట్టి ఉండి కూడా లెక్క కట్టి చాటిన ఆ నర్సును ఆ రోజున ఒక్కసారి తలచుకోవడం సముచితం.